నీటి, మురుగునీటి వ్యవస్థల ఆపరేటరు లైసెన్సు

నిర్వచనం, పరిధి

తాగునీటిని శుద్ధిచేసి ఊరికి పంపే వ్యవస్థను గానీ, ఊరు వాడేసిన నీటిని పోగుచేసి శుభ్రపరిచి ఏట్లోకి వదిలే వ్యవస్థను గానీ నడిపే అర్హత ఒక వ్యక్తికి ఉందని ప్రభుత్వం పరీక్షించి ఇచ్చే పత్రం ఆపరేటరు లైసెన్సు. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు అంటారు, కొన్నిటిలో సర్టిఫికెట్ అంటారు. చట్టం దృష్టిలో తేడా ఏమీ లేదు. దీన్ని ఒక పూర్తి వ్యవస్థగా తీర్చిదిద్దింది ఉత్తర అమెరికా కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం అమెరికా, కెనడాలకు సంబంధించినదే.

శుద్ధి కేంద్రానికి ఇచ్చే పర్మిట్ వేరు, మనిషికి ఇచ్చే లైసెన్సు వేరు. ఎంత నీరు, ఏ నాణ్యతతో బయటికి పోవాలో పర్మిట్ చెబుతుంది. అర్ధరాత్రి వాన కురిసి ఏటి నీరు ఎర్రబారి వస్తుంటే పటిక మోతాదు పెంచాలా, పంపులు ఆపెయ్యాలా అని తేల్చవలసిన మనిషి ఎవరో లైసెన్సు చెబుతుంది. ఇంజనీర్లు తీసుకొనే ప్రొఫెషనల్ ఇంజనీరు లైసెన్సుతోనూ దీన్ని కలపకూడదు. కేంద్రాన్ని డిజైన్ చేసి దగ్గరుండి కట్టించిన ఇంజనీరు కూడా ఆపరేటరు లైసెన్సు లేకుండా దాన్ని నడిపే బాధ్యత తీసుకోలేడు.

అమెరికాలో జనావాసాలకు ఏడాది పొడవునా నీరిచ్చే వ్యవస్థలు సుమారు 50,000 ఉన్నాయి. ప్రభుత్వ యాజమాన్యంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాలు 16,000కు పైమాటే. తాగునీటి వ్యవస్థల్లో పదింట తొమ్మిది పదివేలకు మించని జనాభాకు నీరిచ్చేవి. లైసెన్సు నిబంధనల్లోని చాలా మెలికలకు మూలం ఈ చివరి సంగతే: మహానగరపు కేంద్రానికి తగిన ఆపరేటర్లు దొరకడం ఒక ఎత్తు, ఐదొందల గడపల పల్లెకు ఒక్కరు దొరకడం ఇంకో ఎత్తు.

చరిత్ర

1908 సెప్టెంబరులో న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీకి నీరందించే బూంటన్ జలాశయం దగ్గర రోజూ క్లోరిన్ కలపడం మొదలైంది. ఆ నిర్ణయం తీసుకున్నది జాన్ లీల్ అనే వైద్యుడు, యంత్రాంగం డిజైన్ చేసింది జార్జ్ వారెన్ ఫుల్లర్ అనే ఇంజనీరు. ఒక అమెరికన్ నగరం నీటిలో నిరంతరాయంగా క్లోరిన్ కలపడం అదే మొదలు. టైఫాయిడ్ తగ్గుముఖం పట్టడంతో ఇతర నగరాలూ అదే బాట పట్టాయి. అంతవరకు నీటి సరఫరా అంటే పంపులు, గొట్టాలు చూసుకొనే పని. ఇప్పుడు అందులో రసాయన శాస్త్రం వచ్చి చేరింది. మోతాదు తగ్గితే రోగం, పెరిగితే జనం నోట పెట్టలేని నీరు. పదేళ్లు తిరక్కుండా, 1918లో, ఆపరేటర్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ తొలి చట్టం తెచ్చింది కూడా న్యూజెర్సీయే.

మురుగునీటి వైపు మలుపు ఇంగ్లండులో వచ్చింది. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిని వెల్లడించారు. మురుగునీటిలోకి గాలి ఊది, అందులో పెరిగిన సూక్ష్మజీవుల బురదను పారబొయ్యకుండా మళ్లీ వాడుకోవడం దాని కిటుకు. ఈ పద్ధతిలో కేంద్రాన్ని నడపడమంటే కోట్లాది జీవులను మేపడమే. మేత, గాలి, వయసు మూడూ కుదరాలి. మర తిప్పడం వచ్చినంత మాత్రాన అది చేతకాదు (చూ. యాక్టివేటెడ్ స్లడ్జ్).

ఇంత జరిగినా లైసెన్సు చట్టాలు దేశమంతటా పాకడానికి దశాబ్దాలు పట్టింది. చాలా రాష్ట్రాల్లో వృత్తి సంఘాలే స్వచ్ఛంద సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చాయి. 1972లో క్లీన్ వాటర్ యాక్ట్, 1974లో సేఫ్ డ్రింకింగ్ వాటర్ యాక్ట్ వచ్చాక పరిస్థితి మారింది. వివిధ రాష్ట్రాల లైసెన్సు బోర్డులు కలిసి 1972లో అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ సర్టిఫికేషన్ అనే సంస్థను ఏర్పరచుకున్నాయి. వాటర్ ప్రొఫెషనల్స్ ఇంటర్నేషనల్ అని పేరు మార్చుకున్న ఈ సంస్థ తయారుచేసే ప్రశ్నపత్రాలనే నేటికీ అనేక రాష్ట్రాలు, కెనడా ప్రావిన్సులు వాడుతున్నాయి. దాదాపు అదే కాలంలో శాక్రమెంటోలోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో కెన్ కెరి అనే ప్రొఫెసరు ఆపరేటర్ల కోసం శిక్షణ పుస్తకాలు తెచ్చారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మనిషి ఒంటరిగా కూర్చొని చదువుకోగలిగేలా రాసిన ఆ పుస్తకాలకు ఈ వృత్తిలో 'శాక్రమెంటో మాన్యువల్స్' అనే పేరు స్థిరపడిపోయింది.

1993 వసంతంలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఫిల్టర్లు దాటుకొని కుళాయిల్లోకి వచ్చింది. జబ్బుపడినవారు దాదాపు 4,03,000 మంది అని అంచనా. ఈ జీవికి క్లోరిన్ అంటే లెక్క లేదు, దాన్ని ఆపవలసింది వడపోతే. నగరంలోని దక్షిణ కేంద్రంలో అంతకు కొన్ని నెలల ముందే పటిక మానేసి పాలీ అల్యూమినియం క్లోరైడుకు మారారు. సరస్సు నుంచి వచ్చే ముడినీటి తీరు ఒక్కసారిగా మారినప్పుడు కొత్త రసాయనం ఎంత వెయ్యాలో అనుభవంలో ఉన్న లెక్కలు సిబ్బంది దగ్గర తక్కువ. కేంద్రం పెద్దది, ఫిల్టర్లున్నాయి, అప్పటి ప్రమాణాల ప్రకారం తప్పుపట్టడానికీ పెద్దగా లేదు. అయినా ఆ గతి పట్టింది.

మూడేళ్లకు, 1996లో, సేఫ్ డ్రింకింగ్ వాటర్ యాక్టును సవరిస్తూ ఆపరేటర్ల అర్హతకు జాతీయస్థాయి కనీస ప్రమాణాలు రూపొందించమని అమెరికా కాంగ్రెస్ పర్యావరణ పరిరక్షణ సంస్థను (ఇ.పి.ఎ.) ఆదేశించింది. 1999 ఫిబ్రవరిలో వెలువడిన ఆ మార్గదర్శకాల్లో తొమ్మిది మూల ప్రమాణాలున్నాయి. లైసెన్సులిచ్చే పని మాత్రం రాష్ట్రాలదే. ప్రమాణాలు పాటించని రాష్ట్రానికి తాగునీటి రుణనిధి కింద కేంద్ర ప్రభుత్వమిచ్చే గ్రాంటులో 20 శాతం ఆపేస్తారు. కేంద్రం చేతిలోని కర్ర అదే, అది బాగానే పనిచేసింది. మురుగునీటి ఆపరేటర్లకు ఇలాంటి జాతీయ నిబంధన లేదు. అక్కడ రాష్ట్ర చట్టాలు, పర్మిట్ షరతులే దిక్కు.

వాకర్టన్ ఉదంతం

లైసెన్సు చరిత్రలో ఎక్కువగా ప్రస్తావించే ఊరు కెనడాలోని ఒంటారియో ప్రావిన్సుకు చెందిన వాకర్టన్. జనాభా ఐదువేల లోపు. 2000 మే నెలలో భారీ వానలకు పశువుల పేడ కొట్టుకొచ్చి, 5వ నంబరు బావి అనే లోతు తక్కువ బావిలోకి దిగింది. దానితోపాటు ఇ-కొలై ఒ157:హెచ్7, కాంపిలోబాక్టర్ బాక్టీరియాలు సరఫరా నీటిలో కలిశాయి. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు.

ఆ తర్వాత జస్టిస్ డెనిస్ ఒకానర్ జరిపిన విచారణలో బయటపడిన వివరాలు ఆపరేటర్ల శిక్షణ తరగతుల్లో నేటికీ పాఠాలే. బావి నీటికి క్లోరిన్ కలిపాక 15 నిమిషాలకు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రోజూ కొలిచి లాగ్ షీటులో రాయాలి. సిబ్బంది చాలా రోజులు కొలవనే లేదు, కొలిచినట్టు 0.5 అనో 0.75 అనో రాసిపెట్టేవారు. నీరు కలుషితమైందని ల్యాబు నివేదిక వచ్చినా, ఆరోగ్యశాఖ అడిగినప్పుడు నీరు బాగానే ఉందని సమాధానమిచ్చారు.

ఇక్కడ గమనించవలసింది, ఆ నిర్వాహకుల దగ్గర లైసెన్సులు లేకపోలేదు. ఉన్నాయి, అదీ మూడో తరగతివి. పాత ఉద్యోగులకు అనుభవాన్ని బట్టి పరీక్ష లేకుండా సర్టిఫికెట్ ఇచ్చే 'గ్రాండ్‌ఫాదర్' సౌలభ్యం కింద అవి వచ్చాయి. ఇ-కొలై అంటే ఏమిటో, క్లోరిన్ ఎందుకు మిగలాలో వారికి తెలియజెప్పిన శిక్షణ లేదు. క్లోరిన్‌ను రోజూ నిజంగా కొలిచి ఉంటే వ్యాధి తీవ్రత చాలా తగ్గేదని, నిరంతరం కొలిచే పరికరాలు బావి దగ్గర ఉండి ఉంటే అసలు ప్రబలేదే కాదని విచారణ తేల్చింది. ప్రభుత్వాన్నీ వదల్లేదు: బడ్జెట్ కోతలు, తనిఖీల్లో అలసత్వం, చెడు ఫలితాలను ఆరోగ్యశాఖకు చెప్పి తీరాలని ప్రైవేటు ల్యాబులకు నిబంధన పెట్టకపోవడం, అన్నీ ఎత్తిచూపింది. పరీక్ష లేకుండా సర్టిఫికెట్ పొందినవారంతా పరీక్ష రాసి నెగ్గాలని సిఫారసు చేసింది. ఒంటారియో 2002లో కొత్త తాగునీటి భద్రత చట్టం చేసింది. ఆ ఊళ్లోనే 2004లో వాకర్టన్ క్లీన్ వాటర్ సెంటర్ అనే శిక్షణ సంస్థ వెలిసింది.

అమెరికా మార్గదర్శకాల్లోనూ పాతవారికి సడలింపు ఉంది గానీ దానికో ముడి వేశారు. అలా ఇచ్చిన సర్టిఫికెట్ ఆ ఒక్క కేంద్రానికే చెల్లుతుంది, వేరే ఊరికి తీసుకుపోవడానికి కుదరదు.

శాఖలు, తరగతులు

లైసెన్సులు ప్రధానంగా నాలుగు శాఖలు: తాగునీటి శుద్ధి, తాగునీటి పంపిణీ, మురుగునీటి సేకరణ, మురుగునీటి శుద్ధి. పారిశ్రామిక వ్యర్థ జలాలకు, ల్యాబు విశ్లేషకులకు వేరే సర్టిఫికెట్లిచ్చే రాష్ట్రాలూ ఉన్నాయి. చిన్న ఊళ్లలో ఒక్కరే రెండు మూడు శాఖల లైసెన్సులు తీసుకోవడం మామూలే. పొద్దున బావి దగ్గర క్లోరిన్ చూసిన మనిషే మధ్యాహ్నం మురుగు కాలువ పూడిక తీయిస్తాడు.

ప్రతి శాఖలోనూ తరగతులుంటాయి. కేంద్రం ఎంత జటిలమైనదో లెక్కగట్టి దానికో తరగతి కేటాయిస్తారు. కారు లైసెన్సుతో లారీ నడపలేనట్టే, కింది తరగతి లైసెన్సుతో పైతరగతి కేంద్రానికి ప్రధాన బాధ్యత వహించలేరు. కాలిఫోర్నియాలో తాగునీటి శుద్ధి కేంద్రాలకు పాయింట్లు వేస్తారు. ముడినీటి నాణ్యత, వడపోత పద్ధతి, క్రిమిసంహారం, సామర్థ్యం చూసి వేసిన మొత్తం 20కి లోపైతే టి1, 80, ఆపైనైతే టి5. పంపిణీ వ్యవస్థలకు మొదటి కొలమానం జనాభా: వెయ్యి మంది వరకు డి1, పదివేల వరకు డి2, 50 వేల వరకు డి3, 50 లక్షల వరకు డి4, ఆపైన డి5.

అంకె పెద్దదైతే లైసెన్సు పెద్దదనుకోవడానికి మాత్రం లేదు. కాలిఫోర్నియాలో ఐదు అన్నిటికన్నా పై మెట్టు, జార్జియాలో ఒకటి పై మెట్టు. టెక్సాసులో అక్షరాలు, డి దగ్గర మొదలై ఎ దాకా పోవాలి. రాష్ట్రం మారితే లైసెన్సు దానంతటది చెల్లదు. కొత్త రాష్ట్రం పాత పరీక్ష, అనుభవం, చదువు తూచి చూసి సమానమనుకుంటే తనదొకటి ఇస్తుంది.

లైసెన్సు పొందే క్రమం

చదువు గడప ఎత్తు తక్కువే. హైస్కూలు పూర్తిచేసి ఉండాలి, లేదా జి.ఇ.డి. వంటి సమాన పరీక్ష నెగ్గాలి. కాలేజీ పట్టా అక్కర్లేదు గానీ ఉంటే చాలాచోట్ల అనుభవంలో కొంత భాగానికి బదులుగా లెక్కిస్తారు. భారతదేశంలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లిన తెలుగువారు ఈ వృత్తిలోకి రావాలనుకుంటే ఆ పట్టాకు సమానత్వ మూల్యాంకనం చేయించుకోవలసి ఉంటుంది. ఎంత పెద్ద పట్టా ఉన్నా పరీక్ష మాత్రం తప్పదు.

కొత్తవారికి ఎదురయ్యే చిక్కుముడి ఒకటుంది: అనుభవం లేకుండా లైసెన్సు రాదు, లైసెన్సు లేకుండా పనిచెయ్యనివ్వరు. దీన్ని విప్పడానికే 'ఆపరేటర్ ఇన్ ట్రైనింగ్' అనే తొలిమెట్టు పెట్టారు. లైసెన్సున్న ఆపరేటరు పర్యవేక్షణలో శిక్షణార్థిగా పనిచేస్తూ గంటలు కూడబెట్టుకోవచ్చు. కాలిఫోర్నియా మురుగునీటి శాఖలో మొదటి గ్రేడుకు ఒక ఏడాది పూర్తికాల అనుభవం, అంటే 1,800 గంటలు, కావాలి. పనిలో చేరకముందే శిక్షణార్థి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అదే రాష్ట్రపు తాగునీటి శాఖలో టి1కి అనుభవమేమీ అడగరు, హైస్కూలు చదువుతో పరీక్ష రాయవచ్చు. టి2కి 36 గంటల ప్రత్యేక కోర్సు ఒకటి, టి3కి రెండు కావాలి. టి4, టి5లకు వచ్చేసరికి కోర్సులతోపాటు షిఫ్టు బాధ్యతలు మోసిన అనుభవం చూపాలి.

శిక్షణ దొరికే చోట్లు రకరకాలు. కమ్యూనిటీ కాలేజీల సాయంకాలపు తరగతులు, శాక్రమెంటో తరహా దూరవిద్య, వృత్తి సంఘాల వర్క్‌షాపులు, జీతం తీసుకుంటూ నేర్చుకొనే అప్రెంటిస్‌షిప్పులు. పల్లె వ్యవస్థల కోసం నేషనల్ రూరల్ వాటర్ అసోసియేషన్ 'సర్క్యూట్ రైడర్' పేరుతో ఊరూరా తిరిగే నిపుణులను పంపుతుంది. మోటారు కాలిపోయినా, లెక్క తేలకపోయినా వచ్చి పక్కన నిలబడి నేర్పడం వారి పని.

పరీక్ష

వాటర్ ప్రొఫెషనల్స్ ఇంటర్నేషనల్ ప్రామాణిక పరీక్షలో మార్కులు పడే ప్రశ్నలు వంద. నాలుగు జవాబుల్లో సరైనదాన్ని ఎంచుకోవాలి. మామూలుగా గడువు మూడు గంటలు, గట్టెక్కడానికి 70 శాతం రావాలి. ముడినీటి స్వభావం, శుద్ధి ప్రక్రియలు, పరికరాల నిర్వహణ, ల్యాబు పరీక్షలు, భద్రత, చట్టాలు, రికార్డులు అన్నిటి మీదా ప్రశ్నలుంటాయి. సూత్రాల పట్టిక వారే ఇస్తారు. చాలామందిని వెనక్కి లాగేది లెక్కల భాగమే, అందులోనూ కొలమానాల మార్పిడి.

అమెరికా ఆపరేటర్లకు 8.34 అనే అంకె తారకమంత్రం. ఒక గ్యాలన్ నీటి బరువు 8.34 పౌండ్లు. రోజుకు 50 లక్షల గ్యాలన్ల నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ కావాలంటే 5ను 2తో, దాన్ని 8.34తో గుణిస్తే 83.4 పౌండ్లు. మెట్రిక్ పద్ధతిలో ఈ బాధ లేదు. రోజుకు 2 కోట్ల లీటర్లు, అంటే 20 ఎం.ఎల్.డి. నీటికి అదే మోతాదైతే 20ని 2తో గుణించి 40 కిలోలు అనెయ్యవచ్చు. కానీ చేతిలో ఉన్నది 33 శాతం క్లోరిన్ ఇచ్చే బ్లీచింగ్ పౌడరైతే తూచవలసింది 121 కిలోలు. ఈ చివరి భాగహారం మరిచిపోయినవాడు ఊరికి మూడోవంతు మోతాదే ఇస్తాడు.

ఇంకో మెట్టు ఎక్కితే, కలిపిన క్లోరిన్ అంతా మిగలదు. నీటిలోని మలినాలు కొంత తినేస్తాయి. 2 మిల్లీగ్రాములు వేస్తే 0.6 మిగిలిందంటే నీరు 1.4 తీసుకుందన్నమాట. మోతాదు మార్చకుండానే మిగులు హఠాత్తుగా సున్నాకు పడిపోతే, నీటిలోకి కొత్తగా ఏదో చేరిందని అర్థం. వాకర్టన్ లాగ్ షీట్లలో నిజం అంకెలు ఉండి ఉంటే చెప్పేది ఇదే.

మురుగునీటి పరీక్షలో సూక్ష్మజీవుల లెక్కలెక్కువ. గాలి తొట్టిలోని నీటిని లీటరు జాడీలో పోసి 30 నిమిషాలు కదపకుండా ఉంచితే బురద ఎంతవరకు దిగిందో చూస్తారు. 250 మిల్లీలీటర్లకు దిగి, ఆ నీటిలో ఘనపదార్థం లీటరుకు 2,500 మిల్లీగ్రాములుంటే, స్లడ్జ్ వాల్యూమ్ ఇండెక్స్ 100. అది ఆరోగ్యకరమైన అంకె. 150 దాటి పైకి పోతుంటే దారాల్లాంటి బాక్టీరియా పెరిగి బురద తేరడం మానేస్తోందని అనుమానించాలి. గాలి తక్కువైందా, మేత తక్కువైందా, ఏ ఫ్యాక్టరీ అయినా ఏదైనా వదిలిందా అన్నది పైతరగతి ప్రశ్నల వరస.

విధులు, చట్టపరమైన బాధ్యత

లైసెన్సున్న వారందరి బాధ్యతా ఒకటి కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రతి తాగునీటి కేంద్రానికీ ఒక చీఫ్ ఆపరేటరును, ప్రతి షిఫ్టుకూ ఒక షిఫ్ట్ ఆపరేటరును నియమించమంటుంది. ఒంటారియోలో మొత్తం బాధ్యత గల ఆపరేటరు ఒకరు, ఆ పూటకు బాధ్యత వహించేవారు ఒకరు ఉంటారు. నెలవారీ నివేదిక మీద పడే సంతకం కంపెనీది కాదు, మనిషిది. లెక్కలు తప్పుగా రాస్తే లైసెన్సు రద్దవుతుంది. కావాలని తప్పుడు రికార్డు సృష్టిస్తే జైలు శిక్ష కూడా పడవచ్చు.

రోజువారీ పనికి హద్దులు గీసేవి ప్రమాణాలు. అమెరికాలో ఏటి నీటిని సంప్రదాయ పద్ధతిలో వడపోసే కేంద్రం నుంచి వచ్చే నీటి మసక నెలలో 95 శాతం కొలతల్లో 0.3 యూనిట్లు మించకూడదు, ఒక్కసారి కూడా 1 దాటకూడదు. మురుగునీటి కేంద్రం ద్వితీయ శుద్ధి తర్వాత వదిలే నీటిలో బి.ఒ.డి. (మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకొనే ఆక్సిజన్), తేలాడే ఘనపదార్థాలు నెల సగటున లీటరుకు 30 మిల్లీగ్రాములకు లోబడాలి, వచ్చిన మలినంలో 85 శాతమైనా తొలగాలి.

భద్రత

పరీక్షలో భద్రతకు పెద్ద పీట వేయడానికి కారణం ఉంది. క్లోరిన్ వాయువు గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, లీకైతే నేలను అంటిపెట్టుకొని పాకుతుంది. గాలిలో పది లక్షల భాగాలకు 10 భాగాలున్నా ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. లీకు ఎక్కడో కనిపెట్టడానికి అమోనియా ఆవిరి చూపిస్తారు, తెల్లటి పొగ కడితే అదే చోటు.

మురుగు శాఖలో శత్రువు హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్ల వాసనతో తన ఉనికి తనే చెబుతుంది గానీ, మోతాదు పది లక్షలకు 100 భాగాలకు చేరేసరికి ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన పోయింది కదా అని మ్యాన్‌హోల్‌లోకి దిగినవాడు, అతన్ని కాపాడబోయి వెనకే దిగినవాడు ఇద్దరూ పోవడం చాలా దేశాల్లో పదేపదే జరిగిన విషాదం. దిగేముందు గాలి కొలవాలని, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదని, పైన ఒకరు కావలి ఉండాలని 1993 నాటి అమెరికా నిబంధనలు చెబుతాయి (చూ. పరిమిత స్థలాల్లో పని).

నవీకరణ

అమెరికా మార్గదర్శకాల ప్రకారం లైసెన్సును మూడేళ్లకు మించకుండా నవీకరించుకోవాలి. ఆ వ్యవధిలో నిర్ణీత గంటల తరగతులకు హాజరుకావాలి. కాలిఫోర్నియాలో టి1కి 12 గంటలు, టి2కి 16, టి3కి 24, టి4, టి5లకు 36. గడువు దాటి చాలాకాలం వదిలేస్తే మళ్లీ పరీక్ష రాయవలసి రావచ్చు.

పరిమితులు, వివాదాలు

లైసెన్సు ఉన్న మనిషి మాట చెల్లకపోతే ఏమవుతుందో 2014లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ చూపింది. ఖర్చు తగ్గించుకోవడానికి నగరపు నీటి వనరును ఫ్లింట్ నదికి మార్చాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. సిబ్బందికి శిక్షణ చాలలేదని, ఇప్పుడే నీరు వదిలితే అది తన సూచనకు విరుద్ధమని కేంద్రంలోని బాధ్యుడొకరు ఏప్రిల్ మధ్యలో రాష్ట్ర అధికారులకు ఇ-మెయిల్ పంపారు. అదే నెల 25న నీరు వదిలారు. గొట్టాలు తుప్పు పట్టకుండా కలపవలసిన రసాయనం కలపలేదు. పాత సీసపు గొట్టాల నుంచి సీసం నీటిలోకి దిగింది. నిర్ణయాన్ని ఆపగల అధికారం ఆపరేటరుకు ఎంతవరకు ఉండాలన్న ప్రశ్నకు చట్టాలు నేటికీ సూటిగా జవాబివ్వవు.

రెండో చిక్కు చిన్న ఊళ్లది. పూర్తికాల ఆపరేటరును పోషించలేని పల్లెలు ఒప్పందం మీద ఒకరిని పెట్టుకుంటాయి. ఆయన వారానికి ఒకటి రెండుసార్లు వచ్చి పోతూ ఇలాంటి కేంద్రాలు ఇంకొన్ని చూసుకుంటాడు. చట్టానికి ఇది చాలు, నీటికి చాలుతుందా అన్నది ఆ మనిషి ఎన్ని ఊళ్లు తిరుగుతున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. దీనికి తోడు పాతతరం ఆపరేటర్లు పెద్ద సంఖ్యలో పదవీ విరమణకు వస్తున్నారు. లోటు పూడ్చడానికి నిబంధనలు సడలించాలనేవారు ఒకవైపు, వాకర్టన్ గుర్తుచేసేవారు ఒకవైపు.

ఇతర దేశాలు, తెలుగు రాష్ట్రాలు

జర్మనీ వేరే దారి పట్టింది. అక్కడ తాగునీటి సరఫరా, మురుగునీటి శుద్ధి రెండూ మూడేళ్ల అప్రెంటిస్‌షిప్ గల గుర్తింపు పొందిన వృత్తులు. చదువు కొంత బడిలో, కొంత పనిలో.

భారతదేశంలో వైరింగ్ పని చేసేవారికి వైర్‌మన్ పర్మిట్ కావాలి, బాయిలర్ చూసుకొనేవారికి అటెండెంటు సర్టిఫికెట్ కావాలి. లక్షల మంది తాగే నీటిని శుద్ధిచేసే ఆపరేటరుకు మాత్రం అమెరికా తరహా తప్పనిసరి ప్రభుత్వ లైసెన్సు లేదు. ప్రమాణాలు లేకపోలేదు. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ సి.పి.హెచ్.ఇ.ఇ.ఒ. మాన్యువళ్లు నిర్వహణ పద్ధతులు వివరిస్తాయి. ఆపరేటరుకు ఏ చదువు ఉండాలన్నది సాధారణంగా ఉద్యోగ ప్రకటనలోనో, నిర్వహణ కాంట్రాక్టు టెండరు షరతుల్లోనో కనిపిస్తుంది. మురుగు కాలువల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో పంపు, ప్లంబింగ్, విద్యుత్ పనులన్నీ కలిపి నేర్పే నల్ జల్ మిత్ర కార్యక్రమం వచ్చింది. అది నైపుణ్య శిక్షణే తప్ప లైసెన్సు కాదు.

అవసరం మాత్రం చిన్నది కాదు. హైదరాబాదులో మూసీ పక్కన అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం సామర్థ్యం 339 ఎం.ఎల్.డి. అంటే, శుద్ధిలో లీటరుకు ఒక్క మిల్లీగ్రాము తేడా వచ్చినా రోజుకు 339 కిలోల మలినం అదనంగా నదిలో కలుస్తుంది. తాగునీటి వైపు మరో ఉదాహరణ నల్గొండ టెక్నిక్. ఫ్లోరైడు పీడిత జిల్లా పేరుతో నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో సున్నం, పటిక కలిపి ఫ్లోరైడును గడ్డకట్టించి దింపుతారు. పటిక ఎంత వెయ్యాలన్నది ముడినీటిలోని ఫ్లోరైడు, క్షారత రెండిటి మీదా ఆధారపడుతుంది కాబట్టి ఒక బోరుకు సరిపోయిన మోతాదు పక్క ఊరి బోరుకు సరిపోదు. తక్కువేస్తే ఫ్లోరైడు దిగదు, ఎక్కువేస్తే అల్యూమినియం, సల్ఫేటు నీటిలో మిగిలిపోతాయి. పట్టిక చూసి, నీరు పరీక్షించి, తూకం వేసి ఆ మోతాదు కలపవలసింది ఆ ఊరి నీటి ట్యాంకు దగ్గర పనిచేసే ఉద్యోగి.